తెగిన తీగ చెప్పు పాఠము

చిన్నతనమున మనలో చాలమంది ఆడిన ఆట నొకదానిని ముందుగా జ్ఞాపకము చేసికొందము. రెండు ఖాళీ అగ్గిపెట్టెలు. వాని నడుమ, అమ్మ కుట్టుడబ్బాలోనుండి అడుగకుండ తీసిన నిడుపాటి దారము. ఒకడు వీధి అరుగు మీద, మరియొకడు పెరటి గుమ్మము వద్ద. "వినపడుతోందా?" అని వీడు అగ్గిపెట్టెలోనికి అరచును. "ఆ, వినపడుతోంది" అని వాడు అక్కడినుండి అరచును. నిజమునకు ఆ మాట దారము వెంట వచ్చినదో, గాలిలో తేలివచ్చినదో ఆ దేవునికే ఎఱుక. అయినను దారము బిగువుగా నున్నప్పుడు మాట వచ్చుననియు, సడలినప్పుడు రాదనియు, నడుమ స్తంభమునకు తగిలినచోట మాట చచ్చిపోవుననియు మనకు ఎవ్వరును పాఠము చెప్పకుండగనే తెలిసివచ్చినది. ఎట్లు తెలిసినది? ఆట చెడినందువలన తెలిసినది. చెడిన ఆటను మనమే బాగుచేసికొన్నందువలన తెలిసినది.

ఈనాడు నేను మనవి చేయబోవునది కంప్యూటర్ల నెట్‌వర్కును గూర్చి. అనగా ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరుతో మాటలాడు ఏర్పాటును గూర్చియు, ఆ ఏర్పాటును మన పిల్లలకు నేర్పు విధమును గూర్చియు. లక్షలు పోసి కొన్న పరికరములు లేనిదే ఈ విద్య నేర్పుట సాధ్యము కాదని తలచు ఉపాధ్యాయులు పెక్కురు కలరు. నా అభిప్రాయము అది కాదు. మొదటనే ఒక మాట చెప్పి యుంచెదను. నడుమ నడుమ మరల చెప్పెదను, రేడియోలో వెనుకపుట త్రిప్పి చూచుకొనుటకు వీలులేదు గదా. ఆ మాట ఇది. చెడగొట్టుటకు అనుమతి లేనిచోట నెట్‌వర్కు విద్య అబ్బదు. చౌక వస్తువునకు గల గొప్పతనము దాని వెలలో లేదు. అది పాడైనను ఎవ్వరును కేకలు వేయరనుటలో నున్నది.

కొన్నియేండ్ల క్రిందట ఒక జిల్లా పట్టణమందలి కళాశాలకు వైవా పరీక్షకుడనై పోయితిని. ఊరిపేరు అక్కరలేదు, అటువంటివి మన రెండు రాష్ట్రములలోను కలవు. ఆ ప్రయోగశాల చల్లగా, పరిశుభ్రముగా, గర్భాలయమువలె నుండెను. మూలనొక అద్దాల బీరువా. అందులో వరుసగా కంప్యూటర్లను కలుపు పెట్టెలు, అనగా రూటర్లు, స్విచ్చులు. వానిపై దసరానాటి ఆయుధపూజలో పెట్టిన పసుపు కుంకుమ బొట్లు చెక్కు చెదరకుండ నుండెను. బీరువాకు తాళము. తాళపుచెవి అటెండరు వద్ద, అటెండరు సెలవులో. ఇక రికార్డు పుస్తకములా, ముత్యములవంటి దస్తూరితో, రంగు పెన్సిళ్లతో దిద్దిన పటములతో కన్నులపండువుగా నుండెను. ఒక విద్యార్థినిని పిలిచి, "అమ్మా, ఈ కేబులు నీ చేత్తో ఎప్పుడైనా చేశావా?" అని అడిగితిని. ఆ పిల్ల ఏమాత్రము తడుముకొనక, "లేదండి. రికార్డులో వేశానండి" అనెను. ఆమె సత్యము పలికినందుకే నేను పూర్తి మార్కులు వేసితిని.

ఇందు ఆ కళాశాల అధ్యాపకులను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. స్టాకు రిజిస్టరులో సంతకము చేసినవారు వారు. ఒక పోర్టు కాలిపోయినచో సంజాయిషీ వ్రాసికొనవలసినవారును వారే. అట్టి స్థితిలో ఎంతటి ఉదారుడైనను బీరువాకు తాళమే వేయును. కావున దోషము మనుష్యులది కాదు, వస్తువుల వెలది. వెల పెరిగినకొలది భయము పెరుగును. భయము పెరిగినకొలది విద్యార్థికిని వస్తువునకును నడుమ అద్దము వచ్చును.

అద్దము అక్కరలేని వస్తువుతో మొదలుపెట్టుదము. అది ల్యాన్ కేబులు. కొన్ని మీటర్ల తీగ, చివరలకు తగిలించు జాకులు, ఆ జాకులను నొక్కు పటకారువంటి క్రింపరు, చిన్న దీపములు వెలుగు టెస్టరు, ఇంతే సరంజామా. జాకు ఒక్కొక్కటి కొద్ది రూపాయలు మాత్రమే. ఒకసారి క్రింపరుతో నొక్కిన జాకు మరల పనికిరాదు, కత్తిరించి పారవేయవలసినదే. అందుచేత విద్యార్థి చేయు తప్పు ఒక్కొక్కటికి వెల ఆ కొద్ది రూపాయలు. ఇంత చౌకగా తప్పు చేయగల విద్య లోకమున మరియొకటి కలదా? నా మొదటి కేబులు నాకింకను జ్ఞాపకమున్నది. ఎనిమిది తీగలను సరిచేసి, ఊపిరి బిగపట్టి, జాకు నొక్కి, ఘనకార్యము చేసితినని తలయెత్తి చూతును గదా, ముందుగా తీగకు ఎక్కింపవలసిన రబ్బరు తొడుగు బల్లమీదనే యున్నది! తొడుగు జాకు మీదుగా ఎక్కదు. కత్తిరించితిని. మరల మొదలు.

ఆ కేబులును నిలువున చీల్చి చూచినచో లోపల ఎనిమిది సన్నని రాగితీగలు కనబడును. అవి ఒంటరిగా నుండవు. రెండు రెండు చొప్పున, మెలివేసిన పురికొసవలె, నాలుగు జంటలుగా నుండును. నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలి జంట, గోధుమవన్నె జంట. ప్రతి జంటలోను ఒకటి నిండురంగు, ఒకటి తెల్లచారలది. ఈ యెనిమిదింటిని జాకులోనికి ఒక నియతమైన వరుసలో దూర్చవలెను. ఇక్కడ నొక వింత యున్నది, శ్రోతలు దీనిని శ్రద్ధగా ఆలకింతురు గాక. తక్కిన జంటలన్నియు ప్రక్కప్రక్కనే కూర్చుండును. ఆకుపచ్చ జంట మాత్రము విడిపోవును. దాని రెండు తీగల నడుమ నీలి జంట వచ్చి కూర్చుండును. ఒక ఆకుపచ్చ మూడవ స్థానమున, రెండవ ఆకుపచ్చ ఆరవ స్థానమున; నడుమ నీలి రెండును.

చురుకైన పిల్లవాడెవడైనను వెంటనే అడుగును: "సార్, ఇదేం వరుస? జంటని విడగొట్టడమెందుకు? పక్కపక్కనే పెడితే చూడ్డానికి బాగుంటుంది కదా!" మంచి అధ్యాపకుడు ఇక్కడ జవాబు చెప్పరాదు. "సరే నాయనా, నీకు బాగున్నట్టే పెట్టు, చూద్దాం" అని ఊరకుండవలెను. వాడు తనకు నచ్చిన వరుసలో, రెండు చివరలను ఒకే తీరున జోడించును. టెస్టరునకు తగిలించును. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది దీపములును వరుసగా వెలుగును. తరగతి చప్పట్లు కొట్టును. పొట్టి తీగయైనచో పనియు ఒక్కొక్కప్పుడు నడిచిపోవును. ఇప్పుడు అదే వరుసలో, వరండా ఈ కొసనుండి ఆ కొసకు వచ్చునంత పొడవు తీగతో చేయింపుడు. టెస్టరు మరల ఎనిమిది దీపములును వెలిగించును. కాని నెట్‌వర్కు నడవదు, లేదా కుంటుచు నడచును. ఫైలు సగములో ఆగును. వీడు టెస్టరును తిట్టును. జాకును తిట్టును. చివరకు ఆలోచించును. ఆ ఆలోచించు క్షణము కొరకే ఈ ప్రయోగమంతయు.

కారణమేమి? మెలిక. జంటలోని ఒక తీగలో సంకేతము పోవునప్పుడు, రెండవ తీగలో సరిగా దానికి వ్యతిరేకమైన సంకేతము పోవును. బయటినుండి వచ్చిన రొద, అది పంకాది గానీ ప్రక్కతీగది గానీ, మెలివేసియున్న రెండింటిమీదను సమానముగా పడును. అవతలి యంత్రము ఈ రెండింటి తేడాను మాత్రమే గ్రహించును గనుక రొద తనంత తానే కొట్టివేయబడును. టెలిఫోను సృష్టించిన అలెగ్జాండరు గ్రాహంబెల్ 1881లోనే ఈ మెలిక ఉపాయమునకు పేటెంటు పొందెను. ఇప్పుడు మన పిల్లవాడేమి చేసినాడు? యంత్రము జంటగా భావించు మూడవ స్థానమునకు ఒక జంటలోని తీగను, ఆరవ స్థానమునకు వేరొక జంటలోని తీగను ఇచ్చినాడు. పెండ్లి ఒకరితో, కాపురము మరియొకరితో అన్నట్లైనది. మెలిక యుండియు లేనిదేయైనది. మరి టెస్టరు ఏల కనిపెట్టలేదు? ఆ చౌక టెస్టరు ఈ కొసకును ఆ కొసకును కలయిక యున్నదా యని మాత్రమే చూచును, కాపురమెట్లున్నదో చూడదు.

ఇక ఆ వింత వరుస ఎందుకు వచ్చినదందురా, పాత టెలిఫోను జాకులో మాట నడుమ రెండు తీగలపై నడచెడిది. రెండవ లైను కావలసినవారికి దాని కిరుప్రక్కల తీగలను ఇచ్చెడివారు. ఆ ఆచారము అట్లే నిలిచినది. తాతలనాటి టెలిఫోను ఈ పిల్లవాని చేతిలోని జాకులో ఇంకను బ్రదికియున్నది. ఇంత చరిత్రయు, ఇంత విద్యుచ్ఛాస్త్రమును ఒక తప్పు కేబులునుండి వచ్చినవి. మొదటనే సరియైన వరుసను బల్లమీద అంటించి చూచి చేయుమన్నచో ఏదియు వచ్చియుండెడిది కాదు. మరల చెప్పుచున్నాను: చెడగొట్టుటకు అనుమతి యుండవలెను.

తీగ సంగతి యట్లుండగా, ఇక చిరునామాల సంగతి. దీనికి తీగ కూడ అక్కరలేదు. చిత్తుకాగితములు చాలును. మన తపాలాశాఖ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడును తలచుకొనుడు. ఆరంకెలు. మన తెలుగునాట ఏ ఊరిదైనను అది 5తోనే మొదలగును, కర్ణాటకమునదియు అంతే. దీనిని రూపొందించిన శ్రీరామ భికాజీ వేలణకర్ గారు సంస్కృత కవి కూడ అని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతింతనరానిది; అనుష్టుప్పునకు పాదమున కెనిమిది అక్షరములు లెక్కపెట్టినవారికి ఊరికి ఆరంకెలు లెక్కపెట్టుట ఏమి కష్టము! సరి, ఢిల్లీలో జాబులు వేరుచేయు ఉద్యోగికి మీ యిల్లు తెలియదు, మీ వీధి తెలియదు, మీ యూరును తెలియనక్కరలేదు. మొదటి అంకె 5 అని చూచును, దక్షిణపు సంచిలో వేయును. దగ్గరకు వచ్చినకొలది తరువాతి అంకెలు చూతురు. చివర మీ పోస్టుమానునకు మాత్రమే మీ గుమ్మము తెలియును. ఇంటర్నెట్టులోని రూటరు చేయు పనియు అచ్చముగా ఇదియే.

తరగతిలో ఈ ఆట ఆడించినప్పుడు చూడవలెను. నాలుగు మూలల నాలుగు ఊళ్లు. నడుమ బెంచీలపై కూర్చున్నవారు రూటర్లు. ప్రతివారి వద్దను "5తో మొదలైతే కుడిపక్క బెంచీకి, 6తో మొదలైతే వెనక్కి" అని వ్రాసిన చీటి. ఒక మూలనున్న పిల్ల ఒక పొడవైన వాక్యమును ఐదు ముక్కలుగా త్రెంచి, ముక్క ముక్కకు వరుస అంకెయు, పంపినవారి పిన్‌కోడును, అందవలసినవారి పిన్‌కోడును వ్రాసి పంపును. ముక్కలు చేతులు మారుచు పోవును. ఒకటి దగ్గరిదారిని, ఒకటి చుట్టుదారిని. ఉపాధ్యాయుడు ఎవరును చూడనప్పుడు మూడవ ముక్కను జేబులో వేసికొనును. అవతలివాడు ఒకటి, రెండు, ఐదు, నాలుగు అని అందుకొని, వరుసలో పేర్చి, మూడు లేదని గుర్తించి, "3 రాలేదు, మళ్లీ పంపు" అని చీటి వెనుకకు పంపును. ఎవ్వరును చెప్పకుండగనే వాడు వింటన్ సర్ఫ్, రాబర్టు కాన్ అను నిరువురు అమెరికా శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన పద్ధతి గర్భములోనికి పోయి కూర్చున్నాడు. ఆ పద్ధతి పేరు టి.సి.పి. అని ఆట యయిన తరువాత చెప్పవలెను. ముందు అనుభవము, వెనుక నామకరణము. పిల్ల పుట్టకమునుపు బారసాల చేయుట మన పాఠ్యపుస్తకములకు గల దురలవాటు.

న్యూజీలండు దేశమున టిమ్ బెల్ మొదలగు అధ్యాపకులు కంప్యూటరు లేకుండగనే కంప్యూటరు శాస్త్రము నేర్పు ఆటలు కొన్ని కూర్చిరి. అందొకటి నారింజపండ్ల ఆట. మనకు నిమ్మకాయలు చాలును. పిల్లలు గుండ్రముగా కూర్చుందురు. తలకు రెండేసి కాయలు, కాయమీద యజమాని పేరు. ఒకనికి మాత్రము ఒకటే కాయ. కాయలు కలగలిపి పంచుదురు. ప్రక్కవాని ఖాళీ చేతిలోనికి మాత్రమే కాయ నందింపవచ్చును. అందరి కాయలును అందరికి చేరవలెను. తనది తన చేతికి రాగానే బిగబట్టి కూర్చున్న పిల్లవానివలన ఆట మొత్తము స్తంభించిపోవును. నెట్‌వర్కు స్తంభించుటయు తరచుగా అట్లే.

ఇక నిజమైన యంత్రములకు వత్తము. క్రొత్తవి కొననక్కరలేదు. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల, జిల్లా కేంద్రములలో మరమ్మతు దుకాణముల వెనుకగదులలో, కార్యాలయములు వదలించుకొన్న పాత కంప్యూటర్లు దొరకును. వానిలో లినక్సు నెక్కించినచో మూడు నాలుగు యంత్రములును, ఒక చౌకరకపు స్విచ్చియు కలిసి ఒక చిన్న లోకమగును. ఆ లోకమున మొదటి పలుకు పింగ్. 1983 డిసెంబరులో మైక్ మూస్ అను అమెరికా నిపుణుడు ఈ చిన్న ప్రోగ్రామును వ్రాసెను. జలాంతర్గామి సముద్రగర్భమున ధ్వనిని పంపి ప్రతిధ్వనిని ఆలకించునప్పటి చప్పుడును బట్టి దానికి ఆ పేరు పెట్టెను. నీవున్నావా యని అడుగుట, ఉన్నానని వినుట. మన అగ్గిపెట్టెల ఆటలోని "వినపడుతోందా" యే ఇది.

పింగునకు జవాబు రాలేదనుకొందము. అప్పుడే పాఠము మొదలగును. తీగ ఊడినదా? జాకువద్ద చిన్నదీపము వెలుగుచున్నదా? ఇద్దరి చిరునామాలును ఒకే పేటకు చెందినవేనా? ఒక యంత్రమున కిచ్చిన చిరునామాలో పేటను తెలుపు అంకె మారినను, ఒకే స్విచ్చికి తగిలియుండియు, అవి ఎదురెదురిండ్లలో నుండి పలుకరించుకొనని దాయాదులవలె నుండును. ఒక్కొక్కప్పుడు అన్నియు సరిగనే యుండును, జవాబు మాత్రము రాదు. విండోసు యంత్రముల రక్షణగోడ సాధారణముగా పింగునకు బదులు చెప్పనీయదు. పిల్లలు గంటసేపు తల బ్రద్దలు కొట్టుకొందురు. కొట్టుకొననిండు. పలుకనివాడెల్ల లేనివాడు కాడని ఆ గంటలో తెలిసికొన్నవారు, రేపు ఉద్యోగములో అర్ధరాత్రి ఫోను మ్రోగినప్పుడు కంగారుపడరు.

ఇప్పుడు నాకు మిక్కిలి ప్రీతికరమైన ప్రయోగము. దీనికి కావలసినది ఒక్క చౌక స్విచ్చి, ఒక్క కేబులు. ముందుగా ఒక హెచ్చరిక: ఆ స్విచ్చిని కళాశాల నెట్‌వర్కునుండి పూర్తిగా విడదీయుడు. విడదీయక చేసినచో ప్రిన్సిపాలుగారి గదిలో ఇంటర్నెట్టు నిలిచిపోవును. తరువాత మీ ప్రయోగశాలయు నిలిచిపోవచ్చును. స్విచ్చికి రెండు కంప్యూటర్లు తగిలింపుడు. దీపములు అప్పుడొకసారి ఇప్పుడొకసారి మినుకుమనుచుండును. ఇప్పుడు కేబులు ఒక కొసను ఒక రంధ్రములోను, రెండవ కొసను అదే స్విచ్చి వేరొక రంధ్రములోను పెట్టుడు. పాము తన తోక తాను మ్రింగినట్లు. తరువాత ఒక పింగ్ పంపుడు.

ఒక్క క్షణము. దీపములన్నియు పూనకము వచ్చినట్లు కొట్టుకొనుట మొదలుపెట్టును. పింగ్ ఆగిపోవును. ఏది చేసినను యంత్రములు పలుకవు. కేబులు ఒక కొస లాగివేయుడు. ఊరేగింపు దాటిపోయిన వీధివలె అంతయు శాంతించును. మరల పెట్టుడు, మరల పూనకము. ఈ దృశ్యమును చూచిన విద్యార్థి దానిని జన్మలో మరువడు.

ఏమి జరిగినది? ఒక యంత్రము, "ఈ చిరునామా ఎవరిది?" అని టముకు వేసెను. టముకు అందరికిని వినిపింపవలెను గనుక స్విచ్చి దానిని, వచ్చిన ద్వారము తప్ప, అన్ని ద్వారములకును పంపెను. ఒక ప్రతి మన కేబులు వెంట చుట్టి వచ్చి, అదే స్విచ్చిలో క్రొత్త టముకువలె ప్రవేశించెను. మరల అందరికి. మరల చుట్టి. ఇది ఆగునదెప్పుడు? ఆగదు. ఇంటర్నెట్టు దారులలో తిరుగు, మన చీటీల ఆటలోని ముక్కవంటి, ఐ.పి. ప్యాకెట్టునకు ఆయుర్దాయము వ్రాసియుండును. రూటరు దాటినప్పుడెల్ల ఒకటి తగ్గి, సున్నయైనప్పుడు అది చచ్చును. కాని స్విచ్చిలో తిరుగు ఈథర్నెట్టు మూటకు ఆ నుదుటివ్రాత లేదు. చావులేనిది చుట్టు తిరుగుచునే యుండును.

అన్నట్లు, ఆ ఆయుర్దాయమును బట్టియే మరియొక చక్కని ప్రయోగము కలదు, ఖర్చు సున్న. ఆయుర్దాయము ఒకటని వ్రాసి ప్యాకెట్టును పంపుడు; మొదటి రూటరు వద్ద చచ్చును, అచ్చటినుండి చావుకబురు వచ్చును. రెండని వ్రాయుడు; రెండవదానినుండి వచ్చును. ఇట్లు చావుకబుళ్లను పోగుచేసి దారి యంతయు కనిపెట్టు ప్రోగ్రామును 1987లో వాన్ జాకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు వ్రాసెను. ట్రేస్‌రూట్ అని దాని పేరు. హాస్టలు గదిలో కూర్చుండి చేయవచ్చును.

మన పూనకపు స్విచ్చి వద్దకు మరలి వత్తము. కార్యాలయములలో ఒక తీగ తెగినను పని ఆగకుండుటకై రెండేసి దారులు వేయుదురు. రెండు దారులున్నచో ఈ సుడి పుట్టును. ఒకటే యున్నచో అది తెగినప్పుడు అంతయు ఆగును. ఈ చిక్కును విప్పినది 1985లో రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను సంస్థలో పనిచేయుచుండగా. ఎన్ని తీగలున్నను స్విచ్చులు తమలో తాము మాటలాడుకొని, కొన్ని దారులను నిద్రపుచ్చి, చుట్టులేని చెట్టువంటి దారుల కూర్పును మిగుల్చుకొనును. పనిచేయు దారి తెగినప్పుడు నిద్రించునది మేల్కొనును. స్పానింగ్ ట్రీ అని దీని పేరు. ఆమె దీనిని వివరించు వ్యాసమునకు ముందు చిన్న పద్యము కూడ వ్రాసినది. లోకము దీనిని వింతగా చెప్పుకొనును. మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలోనికి దింపిన పావులూరి మల్లన పుట్టిన భాషవారికి వింత యేమున్నది!

దీపముల పూనకమును చూచిన తరువాత స్పానింగ్ ట్రీ చెప్పినచో, విద్యార్థి దానిని దాహమైనవాడు నీరందుకొన్నట్లు అందుకొనును. చూడకముందు చెప్పినచో, పదునైదు మార్కుల ప్రశ్నగా కంఠస్థము చేయును. వ్యత్యాసము ఒక్క కేబులు ముక్క.

చెడుట ఈ విద్యకు క్రొత్త కాదు. నేటి ఇంటర్నెట్టునకు మూలమైన అర్పానెట్టులో మొదటి సందేశము 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిసులోని విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనా సంస్థకు పోయినది. చార్లీ క్లైన్ అను విద్యార్థి లాగిన్ అను మాటను ఒక్కొక్క అక్షరముగా పంపబోయెను. ఎల్ చేరినది. ఓ చేరినది. మూడవ అక్షరమునకు అవతలి యంత్రము కూలిపోయినది. బాగుచేసి మరల పంపిరి. ఇంటర్నెట్టు తన తొలిమాటను సగములోనే మ్రింగినది. ఆ కుర్రవాడు యంత్రము కూలినందుకు ఎవరికిని సంజాయిషీ వ్రాసికొన్నట్లు నేను వినలేదు.

ఇంత శ్రమ యెందుకు, కంప్యూటరు తెరమీదనే నెట్‌వర్కును గీసి నడపు సిమ్యులేటర్లు ఉన్నవి గదా యని కొందరడుగవచ్చును. ఉన్నవి. ప్యాకెట్ ట్రేసరు, మినినెట్టు మొదలగునవి ఉచితముగా దొరకును. నూరు స్విచ్చుల నెట్‌వర్కు ఎవరు కొని చూపగలరు? వానిని తప్పక వాడవలెను. కాని చేతిపని యయిన తరువాత. సిమ్యులేటరులో తీగను ఎలుక కొరుకదు. జాకు సగము నొక్కబడి, కదిపినప్పుడు పలుకుచు, వదలినప్పుడు మూగబోదు. మన వీధిలో ఇంటర్నెట్టు పెట్టుటకు వచ్చు కుర్రవానిని చూడుడు. నిచ్చెనమీద నిలిచి, పంటితో తొడుగు చీల్చి, నిమిషములో జాకు వేసి దిగును. వానికి పుస్తకము తెలియదు. మన ఇంజనీరింగు విద్యార్థికి చేయి తెలియదు. ఒకనాడు ఆ కుర్రవానిని మీ తరగతికి పిలిచి, కుర్చీ వేసి, పిల్లలకు జాకు వేయుట చూపుమని అడుగుడు. పిల్లలు మెలిక రహస్యము వానికి చెప్పుదురు. ఎవరు గురువో, ఎవరు శిష్యుడో ఆ గంటసేపు తేలదు.

అధ్యాపక మిత్రులకు నా మనవి ఒక్కటే. రాబోవు ప్రయోగపు తరగతికి ఒక గంట ముందుగా వెళ్లి, పనిచేయుచున్న కేబులునొకదానిని ఎవ్వరికిని కనబడనిచోట కత్తిరింపుడు. ఒక యంత్రము చిరునామాను మార్పుడు. తరువాత పిల్లలను పిలిచి, "నెట్‌వర్కు పనిచేయడం లేదు, ఎందుకో చూడండి" అని చెప్పి కుర్చీలో కూర్చుండుడు. సాయము చేయకుడు. రికార్డులో పటమునకు వేయు మార్కులలో సగము తీసి, తప్పును కనిపెట్టినవానికి వేయుడు. అద్దాల బీరువాకు వేసిన తాళము తీయుట మీ చేతిలో లేకున్నను, క్రింపరు నొకదానిని కొని, తాళములేని బల్లమీద పెట్టుట మీ చేతిలోనే యున్నది.